నెల్లూరు, ప్రకాశం నుంచి మంచుకొండలకు తొలి స్కీ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మంచులో పుట్టి పెరిగినవాళ్లు అడగని సందేహాలు మైపాడు, కొత్తపట్నం ఇసుకలో పెరిగినవాళ్లకు వస్తాయి. కాళ్లకు స్కీలు అనే పొడవాటి పలకలు బిగించుకుని మంచు మీద జారడం నేర్చుకోవడానికి గుల్మార్గ్, ఔలి, సోలాంగ్‌లకు మొదటిసారి బయల్దేరే మనవాళ్ల కోసం ఈ జవాబులు. రోప్‌వేలో ఎంత ఎత్తుకు పోయొచ్చామని చెప్పుకునేవాళ్లు చాలామంది. అనుకున్న చోట ఆగడం వచ్చిందా అన్నదే మా లెక్క.

నేర్చుకోవడానికి ఎక్కడికి పోతే మంచిది?

కొత్తవాళ్లకు మూడు చోట్లు చాలు.

గుల్మార్గ్ (జమ్మూ కశ్మీర్) 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. మంచు నాణ్యతలో మిగతా రెండూ దీని ముందు నిలవవు. కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఇక్కడే ఉంది. నేర్చుకునే వాలు ఊరి మైదానం అంచునే ఉంటుంది కాబట్టి మొదటి నాలుగు రోజులు గండోలా (కొండ పైకి తీసుకుపోయే రోప్‌వే) టికెట్ల జోలికి పోనక్కర్లేదు.

ఔలి (ఉత్తరాఖండ్) సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఉంటుంది. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి 7 రోజుల, 14 రోజుల కోర్సులు ఉన్నాయి. కుటుంబాలకు, క్రమశిక్షణగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు మేము ముందు చెప్పే పేరు ఇదే. 2023 జనవరిలో ఔలి కింది ఊరు జోషీమఠ్‌లో నేల కుంగాక అక్కడి నుంచి పైకొచ్చే పెద్ద రోప్‌వే ఆగిపోయింది. పాత వీడియోలు చూసి దాన్ని నమ్ముకోకండి, పైకి రోడ్డు మీదే పోవాలి.

సోలాంగ్ మనాలీ పక్కనే ఉంది. అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ శిక్షణ పేరున్నదే. కానీ విడిగా పోతే టూరిస్టుల రద్దీ, గుర్రాలు, టైరు ట్యూబుల మధ్య జారాల్సి వస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో పోవచ్చా?

పోవచ్చు గానీ మంచుకు హామీ లేదు. మనకు వాన తెచ్చే ఈశాన్య రుతుపవనాలకూ హిమాలయాల మంచుకూ సంబంధం లేదు. అది పశ్చిమం నుంచి వచ్చే వాతావరణ అలజడుల వల్ల పడుతుంది, అవి ఆలస్యమైతే కొండ ఖాళీ. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ గడ్డి మైదానంలానే కనిపించింది. 2025లో అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు.

కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అంటారు. చలి అప్పుడే ఎక్కువ. నేల మీద మంచు బాగా పేరుకుని, చలి కాస్త తగ్గే ఫిబ్రవరి మొదటి మూడు వారాలే కొత్తవాళ్లకు సరైన సమయం. సంక్రాంతికి ఇంట్లో అరిసెలు తిని, సెలవు ఫిబ్రవరిలో పెట్టుకోండి.

ఇక్కడి నుంచి ఎలా పోవాలి?

చెన్నై నుంచి కాత్రా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు, ఒంగోలు మీదుగానే పోతుంది. రోజూ ఉండదు, వారాలు చూసుకోండి. 2025 జూన్ నుంచి కాత్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ నడుస్తోంది కాబట్టి ఇప్పుడు కశ్మీరుకు రైలు మీదే చేరొచ్చు. విమానమైతే నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. ఒంగోలు వాళ్లు చెన్నై, గన్నవరం రెండూ చూసుకుని ఢిల్లీ మీదుగా శ్రీనగర్ పోతే సరి. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్లు. చివరి 13 కిలోమీటర్లు, అంటే తంగ్‌మార్గ్ నుంచి పైకి, మంచు పడితే టైర్లకు గొలుసులు కట్టిన బండ్లనే పోనిస్తారు.

ఔలికి హరిద్వార్ లేదా రిషీకేశ్ దాకా రైలు, అక్కడి నుంచి జోషీమఠ్‌కు ఓ పగలంతా కొండ రోడ్డు.

ఫోను సంగతి: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీరులో పనిచేయదు. జట్టులో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

మే నెల ఎండలకు అలవాటుపడ్డ ఒళ్లు. ఆ చలికి ఆగుతుందా?

ఆగుతుంది. జారేటప్పుడు చలి కంటే చెమటే ఎక్కువ బాధపెడుతుంది. గుల్మార్గ్‌లో రాత్రి మైనస్ 10 డిగ్రీలు మామూలే అయినా, ఎండ ఉన్న పగలు వాలు మీద నాలుగుసార్లు ఎక్కి దిగితే వీపు తడిసిపోతుంది. ఆ తడి ఆరకపోతే ఆగిన పది నిమిషాల్లో వణుకు పుడుతుంది. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు లోపల కాటన్ బనియన్. కాటన్ చెమటను పీల్చుకుని ఒంటికి అంటుకునే ఉంటుంది. ఒంటికి పాలిస్టర్ లేదా ఉన్ని థర్మల్, దాని మీద ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) చొక్కా, పైన గాలీ నీళ్లూ చొరబడని జాకెట్, ప్యాంటు. ఈ మూడు పొరలు చాలు. బొద్దుగా ఉండే ఒకే స్వెటరు కంటే ఇవే మేలు, వేడెక్కినప్పుడు ఒకటి విప్పొచ్చు.

జాకెట్, ప్యాంటు, స్కీ సామాను అక్కడే అద్దెకు దొరుకుతాయి. థర్మల్స్, సాక్సు, గ్లవుజులు, కళ్లకు గాగుల్స్ మాత్రం సొంతానివి కొనండి. గ్లవుజులు రెండు జతలు ఉండాలి. ఉన్ని గ్లవుజులు మొదటి పడడానికే తడిసి పనికిరాకుండా పోతాయి, నీళ్లు చొరబడనివే తీసుకోండి.

వేళ్లు, ముక్కు, చెవి కొస తెల్లబారి స్పర్శ పోతే మంచుతో రుద్దకూడదు, కాంగ్డీ కుంపటికి ఆనించనూ కూడదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. లోపలికి పోయి, ఒంటి వేడికి కాస్త పైన, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. తిమ్మిరి వదలకపోతే డాక్టరు దగ్గరికి.

అద్దె బూట్లు కాలు విరిచేస్తున్నాయంటారు. సరైనవి ఎలా ఏరుకోవాలి?

యాత్ర సగం ఈ బూట్ల దగ్గరే నిలబడుతుంది లేదా చెడుతుంది. ఓ గంట దీనికే కేటాయించండి.

స్కీ బూటు సైజు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. ఇంట్లోనే మడమ గోడకు ఆనించి, కాగితం మీద నిలబడి, పొడవైన వేలి కొస దగ్గర గీత గీసి కొలవండి. 26.5 వస్తే 26.5 అడగండి. కొట్టువాడు 28 ఇచ్చి ‘‘లూజుగా హాయిగా ఉంటుంది’’ అంటే ఒప్పుకోవద్దు. లూజు బూటులో కాలు తిరుగుతుంది, స్కీ తిరగదు. దాన్ని బిగించడానికి బకిళ్లు గట్టిగా లాగుతారు, రక్తం ఆడక పాదం చల్లబడి నొప్పి పుడుతుంది. బూటు బిగువని తిట్టుకునేవాళ్లలో చాలామంది వేసుకున్నది నిజానికి పెద్ద బూటే.

వేసుకునే తీరు: మోకాలి కింద దాకా వచ్చే పల్చటి సాక్సు ఒక్కటే. రెండు వేస్తే మడతపడి బొబ్బలొస్తాయి, పైగా చల్లగానూ ఉంటుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు, సాక్సు పైనే ఆపాలి. కాలు దూర్చాక మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి దించండి. మొదట చీలమండ పైనున్న బకిలు, తర్వాత పై రెండు, చివర వేళ్ల దగ్గరిది వదులుగా. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకాలి. మోకాళ్లు వంచితే వేళ్లు వెనక్కి జరిగి తాకడం ఆగాలి. అలా ఓ పది నిమిషాలు కొట్లోనే నిలబడండి. మడమ లేస్తుంటే ఒక సైజు తగ్గించండి. చీలమండ ఎముక మీద ఒక్కచోటే సూదిలా గుచ్చుతుంటే వేరే మోడల్ అడగండి. ఆ నొప్పి రెండో రోజుకు తగ్గదు.

సాయంత్రం లోపలి మెత్త బూటును బయటికి లాగి ఆరబెట్టుకోవాలి. బుఖారీ పొయ్యికి మరీ దగ్గరగా పెట్టొద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది.

స్కీ పొడవు, కర్రలు, బైండింగు?

కొత్తవాళ్లకు స్కీ నిలబెడితే గడ్డానికీ ముక్కుకూ మధ్య వస్తే చాలు. పొడవైనది వేగానికి, మీకు ఇప్పుడు అది అక్కర్లేదు. కర్రను తలకిందులు చేసి, మొన దగ్గరుండే చక్రం కింద పట్టుకుంటే మోచెయ్యి సరిగ్గా మడత కోణంలో, 90 డిగ్రీల్లో ఉండాలి.

బైండింగు అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడినప్పుడు అది తనంతట తాను ఊడిపోవాలి. ఎంత బలానికి ఊడాలన్నది ఒక అంకె మీద ఆధారపడుతుంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, అనుభవం చూసి పెడతారు. 70 కిలోల కొత్తవాడికి అది సాధారణంగా 5 దరిదాపుల్లో ఉంటుంది. బరువు అడిగినప్పుడు మొహమాటపడి తగ్గించి చెప్పకండి, అట్లని గొప్పకు బాగా వచ్చని కూడా చెప్పకండి. అంకె ఎక్కువైతే పడినప్పుడు స్కీ ఊడక మోకాలు మెలిపడుతుంది, తక్కువైతే నడిమధ్యలో ఊడిపోతుంది. స్క్రూడ్రైవరు మీ చేతిలోకి తీసుకోవద్దు.

స్కీ తొడిగేటప్పుడు ‘టక్’ మని పడకపోతే నూటికి తొంభై పాళ్లు బూటు అడుగున మంచు గడ్డ కట్టి ఉంటుంది. కర్ర మొనతో గీకి మళ్లీ పెట్టండి.

ఒక వారంలో ఏమేం వస్తే వచ్చినట్టు?

అందరూ అడిగేది ఇదే. మా లెక్క ఇలా ఉంటుంది.

మొదటి మెట్టు: అడ్డంగా నిలబడి పక్క అడుగులతో వాలు ఎక్కడం. కింది స్కీ అంచు మంచులో దిగాలి. ఇది రాకుండా జారుడు మొదలుపెట్టేవాళ్లు కాసేపటికే ఊపిరి అందక కూర్చుంటారు.

రెండోది, అన్నిటికంటే పెద్దది: ఆగడం. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా తోసి, లోపలి అంచుల మీద బరువు వేస్తే స్కీలు మంచును గీరుతూ నెమ్మదిస్తాయి. దీన్ని స్నోప్లౌ అంటారు. పరీక్ష సులువు: పది మీటర్ల కింద మంచు మీద ఒక గ్లవుజు పెట్టండి. దాన్ని దాటకుండా వరసగా ఐదుసార్లు ఆగితే మెట్టు దాటినట్టే. నాలుగుసార్లు ఆగి ఐదోసారి దాటితే మళ్లీ మొదటి నుంచి.

ఇక్కడ తప్పు జరిగేది ఎక్కువగా ఒకే కారణం వల్ల. వేగం చూసి భయమేస్తే మనిషి వెనక్కి వాలతాడు, వానాకాలం వరిగట్టు మీద కాలు జారినవాడిలా. అప్పుడు బరువు మడమల మీదికి పోయి, స్కీ ముందు భాగం తేలిపోయి, తిప్పుడూ ఆపుడూ రెండూ పోతాయి. వేగం పెరుగుతుంది, ఇంకా వెనక్కి వాలతాడు. మందు ఏమిటంటే మోకాలి కింది ముందెముక ఎప్పుడూ బూటు నాలుకను నొక్కుతూ ఉండాలి. చేతులు కనిపించేలా ముందుకు చాపండి. చూపు స్కీ కొనల మీద వద్దు, పది మీటర్ల ముందుకు పెట్టండి.

మూడోది మలుపు. ఎడమకు తిరగాలంటే కుడి కాలు నొక్కాలి. బుర్రకు ఇది తిరకాసుగా ఉంటుంది, ఒళ్లు మాత్రం రెండో రోజుకు పట్టేస్తుంది. ఎనిమిది, పది మలుపులు వరసగా, వేగం పెరగకుండా కలపగలిగితే నాలుగో మెట్టు.

ఐదోది లిఫ్టు. కేబులుకు వేలాడే కడ్డీ ఉన్న డ్రాగ్ లిఫ్టును కుర్చీ అనుకుని కూర్చుంటారు, అది వెంటనే కిందపడేస్తుంది. దాన్ని తుంటి వెనక తగిలించుకుని, మోకాళ్లు కాస్త వదిలి నిలబడి ఉండాలి, లాగే పని అదే చూసుకుంటుంది. పడితే వెంటనే పక్కకు దొర్లండి, వెనక ఇంకొకరు వస్తుంటారు.

స్కీలు రెండూ జంటగా, సమాంతరంగా తిరగడం వారంలో అందరికీ రాదు. ‘‘ఏడు రోజుల్లో గ్యారంటీ’’ అనే శిక్షకుడి మాట పట్టించుకోకండి. రోజూ రాత్రి నాలుగు ముక్కలు రాసుకోండి: ఏ వాలు, మంచు ఎట్లుంది, ఏం వచ్చింది, ఎక్కడ పడ్డారు. పొద్దున గట్టిగా గడ్డకట్టిన మంచు మీద ఆగడం, మధ్యాహ్నం మెత్తబడ్డ మంచు మీద ఆగడం ఒకటి కావు. రెండింటి మీదా వస్తేనే వచ్చినట్టు.

పడడం తప్పదంటారు కదా. ఎలా పడాలి, ఎలా లేవాలి?

పక్కకు, కొండ వైపుకు, తుంటి మీద పడండి. వెనక్కి కూలబడుతూ మళ్లీ లేవబోవడం మోకాలి లోపలి లిగమెంటు తెగడానికి దారి. పడుతున్నారని తెలిశాక పడిపోవడమే మంచిది. కర్ర పట్టీలో బొటనవేలు ఇరుక్కుని బెణకడం కూడా మామూలే. కర్రలు వదిలేయండి.

లేవడానికి ముందు రెండు స్కీలనూ మీకంటే కిందికి, వాలుకు అడ్డంగా తెచ్చుకోవాలి. కిందికి చూస్తూ ఉంటే లేచిన మరుక్షణం మళ్లీ జారతాయి. రాకపోతే పై కాలి స్కీ విప్పేయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంటి దగ్గర ఏం కసరత్తు చేయాలి?

రెండు నెలల ముందు మొదలుపెట్టండి. జారేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది. కొండ ఎక్కడం కంటే దిగడమే దానికి సరైన సాధన. ఉదయగిరి దుర్గం ఎక్కితే దిగేటప్పుడు తొందరపడకుండా, మోకాళ్లు కొంచెం వంచి దిగండి. శనివారం మాలకొండకు పోయేవాళ్లు బండి కిందే పెట్టి నడిస్తే దర్శనమూ సాధనా రెండూ అవుతాయి. ఇంట్లో గోడకు ఆని కుర్చీలో కూర్చున్నట్టు నిలబడడం మూడుసార్లు, ఒక్కోసారి 30 సెకన్లు. నెలాఖరుకు 90 సెకన్లకు తీసుకురండి. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం కూడా పనికొస్తుంది.

ఊళ్లలో ఉండే మంచు పార్కులు గ్లవుజులు పరీక్షించుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు.

గండోలా రెండో దశ ఎక్కి పైనుంచి జారొచ్చా?

చూసి రావచ్చు, తొలి యాత్రలో అక్కడి నుంచి జారొద్దు. రెండో దశ దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. నెల్లూరు సముద్రమట్టానికి 20 మీటర్ల ఎత్తులో కూడా లేదు. ఒక్క రోజులో ఆ తేడా దాటితే తలనొప్పి, వికారం, నిద్రలేమి రావచ్చు. రెండు రాత్రులు గుల్మార్గ్‌లోనే పడుకున్నాక పోండి, నీళ్లు బాగా తాగండి. తలనొప్పితో పాటు నడక తూలుతుంటే, మాట తడబడుతుంటే ఆలస్యం చేయకుండా కిందికి దించేయాలి. ఎత్తు వల్ల వచ్చే ఈ బాధలకు మాత్ర వేసుకోవాలనుకుంటే ముందు డాక్టరును అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

రెండో కారణం మంచు చరియలు విరిగిపడడం. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కొత్త మంచు పేరుకుంటే ఎప్పుడైనా జారి పడుతుంది. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్‌లోని అఫర్వత్ కొండ వాలు మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు అలాగే చనిపోయారు. గస్తీ సిబ్బంది గండోలా కింది ప్రధాన వాలునే చూసుకుంటారు, దానికి అటూ ఇటూ వాళ్ల పూచీ లేదు. బయటి వాలుకు పోయేవాళ్ల దగ్గర సిగ్నల్ పరికరం, పార, పొడవాటి కడ్డీ మూడూ ఉండాలి, అంతకు మించి వాడడం వచ్చి ఉండాలి. మంచు కింద కూరుకుపోయినవాడికి మొదటి పదిహేను నిమిషాలే ప్రాణం. ఆ లోపు తవ్వి తీసేది పక్కనున్న మీ జట్టే, ఊరి నుంచి వచ్చేవాళ్లు కాదు.

నల్లటి చర్మానికి మంచులో ఎండ తగలదంటారు, నిజమేనా?

కాదు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహానికి కొడుతుంది. అందుకే గడ్డం కిందా, ముక్కు రంధ్రాల అంచునా కమిలిపోతుంది. కొబ్బరి నూనె చాలదు, సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి. గాగుల్స్ లేకుండా ఓ పగలు ఉంటే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. చూపు అద్దాలున్నవాళ్లు అద్దాల మీద పెట్టుకునే పెద్ద గాగుల్స్ అడగండి.

అన్నం దొరుకుతుందా?

దొరుకుతుంది, కశ్మీరీలూ అన్నం తినేవాళ్లే. సొంతంగా వండుకుంటే చిక్కు. గుల్మార్గ్ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా మొలగొలుకులు కూడా పలుకుగానే ఉంటాయి, కందిపప్పు మెదగదు. కందిపొడి, నువ్వుల పొడి, మామిడికాయ ఊరగాయ పట్టుకుపోండి. జేబులో వేరుశనగ ఉండ ఒకటి ఎప్పుడూ ఉండాలి.

ఏ వయసు నుంచి ఏ వయసు దాకా?

ఐదారేళ్ల నుంచి మొదలుపెట్టొచ్చు, పిల్లలకు మొదట కర్రలు ఇవ్వకండి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఒక్కడే నిలిచిన తంగ్‌మార్గ్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్ నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టాడు. యాభై దాటినవాళ్లు మోకాళ్లు, బీపీ, గుండె చూపించుకుని నిశ్చింతగా నేర్చుకోవచ్చు. హెల్మెట్ అందరికీ.

స్కీనా, స్నోబోర్డా?

వారమే ఉంటే స్కీ. రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించే స్నోబోర్డు మీద మొదటి రెండు రోజులు మణికట్టు, తోకఎముక బలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయినప్పుడు నేర్చుకుంటే?

మంచిదే, శిక్షణ వాలులు బాగుంటాయి. అక్కడ వాలుల దగ్గర పెట్టే గుర్తుల్లో ఆకుపచ్చ గుండ్రం సులువు, నీలం చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. ఈ గుర్తులు ఆ కొండకే పరిమితం, ఒక చోట నీలం దిగారని ఇంకో చోట నీలం దిగగలరని కాదు. యూరప్‌లో నీలానికీ నలుపుకూ మధ్య ఎరుపు కూడా ఉంటుంది. ఎక్కడైనా నియమం ఒకటే: కింద ఉన్నవాడిదే దారి, పైనుంచి వచ్చేవాడే తప్పుకోవాలి. సందర్శకుల ఇన్సూరెన్సులో స్కీయింగ్‌ను మినహాయించారేమో పోకముందే చదవండి. మన దేశంలో తీసుకునే ప్రయాణ బీమాలకూ ఇదే జాగ్రత్త.

ఫోను మంచులో ఆగిపోతోంది, చెడిపోయినట్టేనా?

చలికి బ్యాటరీ మొరాయిస్తుంది, 30 శాతం ఉండగానే ఆగిపోతుంది. లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటే మళ్లీ వస్తుంది. జారుతూ రీల్స్ తీయడం మాత్రం మానండి.

తిరిగొచ్చాక మోకాలు వాచింది. ఏం చేయాలి?

పడినప్పుడు లోపల ‘టప్’ మన్నదా, రెండు మూడు గంటల్లోనే వాచిందా, మెట్లు దిగేటప్పుడు మోకాలు పక్కకు జారుతున్నట్టుందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా లిగమెంటు తెగి ఉండొచ్చు. నూనె పెట్టి తోమించుకోవడం, నాటు కట్టు కట్టించుకోవడం వద్దు. ఎక్స్‌రేలో ఎముక బాగుందని వస్తే అంతటితో వదిలేయకండి, లిగమెంటు ఎక్స్‌రేలో కనపడదు, ఎమ్మారై కావాలి. ఎముకల డాక్టరుకు చూపించేదాకా ఐసు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాల చొప్పున పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి, బరువు మోపకండి. రెండు రోజుల్లో వాపు తీసి, మోకాలు నిబ్బరంగా నిలుస్తుంటే అది మామూలు బెణుకే కావొచ్చు.